డ్రమ్ కోర్‌లో పై స్వరాలు: మావాడి పెదవి ఇరవై నిమిషాలకే అలిసిపోతోంది

ఫ్రిస్కో_అమ్మ | అక్టోబరు 9

అందరికీ నమస్కారం. మాది గుంటూరు. పద్నాలుగేళ్లుగా టెక్సస్‌లో, ఫ్రిస్కోలో ఉంటున్నాం. మా పెద్దవాడికి పదిహేడేళ్లు. ఆరో తరగతిలో స్కూలు బ్యాండులో ట్రంపెట్ పట్టుకున్నాడు, ఇంతవరకు దించలేదు. ఇక్కడ మన పిల్లలు చాలామంది మార్చింగ్ బ్యాండులో ఉంటారు కాబట్టి అంతవరకు నాకు కొత్తేమీ కాదు.

పోయిన జులైలో శాన్ ఆంటోనియోలో, ఆలమోడోమ్‌లో డ్రమ్ కోర్ (మైదానంలో నడుస్తూ ఇత్తడి వాద్యాలు, డ్రమ్ములు వాయించే పిల్లల జట్టు) పోటీ చూడ్డానికి వెళ్లాం. ఒక కోర్ ముగింపులో ఇత్తడి వాద్యాల పిల్లలంతా ఒక్కసారిగా మా వైపు తిరిగి వాయించారు. స్టేడియం అంతా మోత. ఆ మోత మీద నుంచి ఒక్క ట్రంపెట్ సూదిలా పైకి లేచింది. నా చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. మావాడు నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని "అమ్మా, అది డబుల్ సి" అన్నాడు. ట్రంపెట్‌లో పైనుండే హై సికి ఇంకో స్థాయి పైన ఉండే స్వరం అది. ఆ రాత్రి హోటల్లో నిద్రపోలేదు.

సమస్య ఏంటంటే, హై సి వాడికి కష్టం కాదు. ఆ పైన డి, ఇ, ఎఫ్ కూడా ప్రాక్టీసు మొదట్లో వస్తాయి. ఇరవై నిమిషాలు గడిచేసరికి అదే ఎఫ్‌కి గాలి శబ్దం తప్ప ఇంకేం రాదు. ట్రంపెట్ దించాక చూస్తే పై పెదవి మీద మౌత్‌పీస్ అచ్చు ఎర్రగా, గుండ్రంగా పడి ఉంటుంది. నిన్న రాత్రి అన్నంలో ఆవకాయ తగిలి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. డిసెంబరులో ఆడిషన్ క్యాంపు. అందరికన్నా పై స్వరాలు వాయించే లీడ్ ట్రంపెట్టే కావాలని వాడి పట్టుదల. వాళ్ల నాన్న "ఇంత బాధపడి ఊదడం దేనికి" అంటున్నారు. నేను ఏడేళ్లు వీణ నేర్చుకున్నాను. వేళ్లు కాయలు కాస్తే ఏం చెయ్యాలో తెలుసు గాని పెదవి సంగతి తెలియదు. తెలిసినవాళ్లు చెప్పండి.

సెకండ్_ట్రంపెట్ | అక్టోబరు 9

అక్కా, నమస్తే. నేను మూడు వేసవులు ఒక కోర్‌లో ట్రంపెట్ వాయించాను. ఇప్పుడు ఇండియానాపొలిస్‌లో ఉద్యోగం.

తెలియనివాళ్ల కోసం ముందు నాలుగు మాటలు. డ్రమ్ కోర్‌లో ఇత్తడి వాద్యాలు, డ్రమ్ములు, జెండాలు తిప్పే కలర్ గార్డ్, ముఖ్యంగా ఇవే. క్లారినెట్, ఫ్లూట్, శాక్సఫోన్ ఉండవు. ఏ ఊరి పిల్లలైనా ఆడిషన్ ఇచ్చి చేరొచ్చు, కాకపోతే ఇరవై రెండేళ్లు నిండేలోపే. మే చివర్లో వెళ్తే ఆగస్టు రెండో వారం ఫైనల్స్ దాకా ఇల్లు లేదు. పగలంతా ఎండలో రిహార్సల్, రాత్రి షో, అర్ధరాత్రి బస్సు, తెల్లారేసరికి ఇంకో ఊళ్లో ఏదో స్కూలు జిమ్‌లో నేల మీద నిద్ర. ఈ పోటీలు నడిపే డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్ మొదటి ఛాంపియన్‌షిప్ 1972లో విస్కాన్సిన్‌లోని వైట్‌వాటర్‌లో జరిగింది. 2009 నుంచి ఫైనల్స్ మా ఊళ్లోనే, లూకస్ ఆయిల్ స్టేడియంలో.

ఇక మీవాడి సంగతి. ఆ ఎర్ర అచ్చు గురించి చెప్పగానే అర్థమైంది. పై స్వరం కోసం మౌత్‌పీస్‌ని పెదవికేసి అదుముతున్నాడు. అదిమితే స్వరం వస్తుంది, అబద్ధం కాదు. కానీ అది వడ్డీకి అప్పు తెచ్చుకోవడమే. అదిమినచోట రక్తం ఆడదు, పెదవి వాస్తుంది, వాచిన పెదవి కదలదు. కదలని పెదవి నుంచి స్వరం రావాలంటే ఇంకా అదమాలి. నేను మొదటి వేసవి ఇలాగే పాడుచేసుకున్నాను. జూన్ మూడో వారానికి హై సి కూడా పోయింది. పది రోజులు మైదానంలో నడిచాను గాని ట్రంపెట్ ఊరికే మూతి దగ్గర పెట్టుకున్నాను. పక్కవాడికి తెలుసు, నాకు తెలుసు.

ప్రాక్టీసు ఎలా మొదలుపెడతాడు అక్కా? నేరుగా పై స్వరాలేనా? మధ్యలో ఎంతసేపు ఆగుతాడు? ఇప్పుడు స్కూల్లో మార్చింగ్ సీజన్ కదా, రోజుకు ఎన్ని గంటలు ట్రంపెట్ మూతి మీద ఉంటోంది?

ఫ్రిస్కో_అమ్మ | అక్టోబరు 10

తమ్ముడూ, వాడినే కూర్చోబెట్టి అడిగాను. స్కూల్లో దాదాపు రెండున్నర గంటలు, ఇంటికొచ్చాక ఇంకో గంట. ఇంట్లో నేరుగా పై స్వరాలే. ఆగడమన్నదే లేదు. ఆగితే టైమ్ వేస్ట్ అనుకుంటున్నాడు.

సెకండ్_ట్రంపెట్ | అక్టోబరు 10

అదే కారణం. ఒక వారం ఇంట్లో హై స్వరాలు బంద్ చేయించండి. ఆ గంటని రెండు ముక్కలు చెయ్యమనండి. మొదటి ముక్కలో పొడుగు స్వరాలు, కింది స్థాయిలో, చెవి దగ్గర గుసగుసలాడినంత మెల్లగా. రెండో ముక్కలో మీటలు కదపకుండా పెదవితోనే ఒక స్వరం నుంచి పక్క స్వరానికి జారడం, వీటిని లిప్ స్లర్స్ అంటాం. ఎంతసేపు వాయిస్తే అంతసేపు ట్రంపెట్ ఒళ్లో పెట్టుకుని కూర్చోవాలి. అది వేస్ట్ కాదు, రక్తం మళ్లీ పెదవికి చేరే టైమ్ అది. మెల్లగా వాయించేటప్పుడు హై సి పలికితేనే ఆ స్వరం వాడిది. గట్టిగా ఊదినప్పుడే పలికితే ఇంకా కానట్టే.

ధ్వని_తరంగం | అక్టోబరు 11

వరంగల్‌లో డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. ట్రంపెట్ నేనెప్పుడూ ఊదలేదు గాని, గొట్టంలో గాలి ఎలా ఊగుతుందో క్లాసులో చెప్పేదే.

ట్రంపెట్ గొట్టం చుట్టలు విప్పి చాపితే దాదాపు మీటరున్నర. మీటలు నొక్కకుండానే అందులో ఒక వరుసలో చాలా స్వరాలు పలుకుతాయి. ఆ వరుసలో హై సి ఎనిమిదోది, హై జి పన్నెండోది, డబుల్ సి పదహారోది. అమ్మగారూ, మీకు వీణ తెలుసు కాబట్టి ఇలా చెబుతాను. వీణ మీద పైకి పోయేకొద్దీ మెట్లు దగ్గరవుతాయి, అయినా మెట్టుకూ మెట్టుకూ మధ్య ఎప్పుడూ అర స్వరమే. ట్రంపెట్‌లో ఆ దూరమే తగ్గిపోతుంది. కింద ఒక మెట్టు నుంచి పై మెట్టుకి సా నుంచి పాకి ఉన్నంత గెంతు. హై సి దగ్గర పక్క మెట్టు ఒక్క స్వరం దూరం. డబుల్ సి దగ్గర అర స్వరమే. పెదవి వెంట్రుకవాసి సడలితే చాలు, పక్క మెట్టు మీద పడతాడు.

రెండోది ఇంకా ముఖ్యం. హై సికి పెదవి సెకనుకు 930 సార్లకు పైగా కొట్టుకోవాలి, డబుల్ సికి దానికి రెట్టింపు. కింది స్వరాల్లో గొట్టం సాయం చేస్తుంది. పెదవి పంపిన అల గరాటా మూతి దాకా వెళ్లి, కొంత వెనక్కి తిరిగొచ్చి, సరిగ్గా సమయానికి పెదవిని మళ్లీ తడుతుంది. ఊయల వెనక్కి వచ్చిన క్షణంలో ఎవరో తోసినట్టు. దాదాపు 1500 హెర్ట్జ్ దాటాక మూతి దగ్గర అల వెనక్కి రావడం బాగా తగ్గిపోతుంది, చాలావరకు బయటికే పోతుంది. అంటే హై జి, ఎ దాటాక ఊయల తోసే చెయ్యి దాదాపు లేనట్టే. పెదవి తనంతట తనే ఊగాలి. అక్కడ "స్వరం దొరకట్లేదు" అని పిల్లలు అంటే అది నిజంగా నిజం. పట్టుకోవడానికి గొట్టంలో గట్టి మెట్టు లేదు. లోపల ఆ శ్రుతి ముందే వినబడాలి, పెదవి దానికి తగ్గట్టు సిద్ధంగా ఉండాలి. మీరు ఒక చిన్న పని చెయ్యండి. ఊదేముందు ఆ స్వరాన్ని వాడిచేత పాడించండి, ఒక స్థాయి కిందైనా పరవాలేదు.

పాతటేపులు | అక్టోబరు 12

చాలా మంచి చర్చ. న్యూజెర్సీలో ఉంటాను, ఇరవై ఏళ్లుగా పాత డ్రమ్ కోర్ రికార్డింగులు పోగు చేస్తున్నాను.

2000 సంవత్సరానికి ముందు డ్రమ్ కోర్‌లో అసలు ట్రంపెట్ లేదు. ట్రంపెట్‌లాంటిదే, జి శ్రుతిలో ఉండే బ్యూగిలే. చాలాకాలం దానికి అడ్డంగా ఉండే ఒక మీట, తర్వాత దానికి తోడు ఒక రోటరీ మీట ఉండేవి, 1977లో రెండు నిలువు మీటలకు అనుమతి వచ్చింది, 1990లో మూడుకి. 2000 నుంచి ఏ శ్రుతి వాద్యమైనా పట్టుకోవచ్చన్నారు, అప్పుడు అందరూ ఇప్పటి ట్రంపెట్‌కి మారారు. ధ్వని_తరంగం గారు చెప్పిన మెట్ల లెక్క ఇక్కడ పెట్టి చూడండి. జి బ్యూగిల్ గొట్టం ట్రంపెట్ కన్నా పొడుగు. అదే శ్రుతి పలకాలంటే బ్యూగిల్‌లో ఇంకా పై మెట్టు ఎక్కాలి, అక్కడ మెట్లు మరీ ఇరుకు. ఇంకో తమాషా ఏంటంటే, రెండు మీటలతో కింది స్థాయిలో కొన్ని స్వరాలు అసలు పలకవు, పై స్థాయిలో మెట్లు దగ్గర కాబట్టి రాగం మొత్తం దొరుకుతుంది. అందుకే సంగీతం రాసేవాళ్లు సోప్రానో బ్యూగిళ్లను, అంటే పై స్వరాల బ్యూగిళ్లను, ఇంకా పైకి పంపేవాళ్లు. డ్రమ్ కోర్ పై స్వరాల కేక అలా పుట్టింది.

1988లో కాన్సస్ సిటీలో మాడిసన్ స్కౌట్స్ అనే కోర్ "మలగేన్యా" వాయించి గెలిచిన రికార్డింగు నా దగ్గరుంది. మైకుల్లేవు, సింథసైజర్ లేదు, మైదానంలో పిల్లల ఊపిరి తప్ప ఇంకేం లేదు. చివరి స్వరం పట్టుకున్నప్పుడు జనం అరుపు మొదలై సోప్రానోలను ముంచేస్తుంది, అయినా ఆ అరుపులోంచి పై స్వరం బయటికి వస్తుంది. నేను కారులో విన్న ప్రతిసారీ వాల్యూమ్ తగ్గిస్తాను, మళ్లీ పెంచుతాను.

ఇప్పటి కోర్‌లలో ఇది తగ్గిపోయిందని నా బాధ. 2004లో మైకులు, 2009లో ఎలక్ట్రానిక్స్ వచ్చాక కింద నుంచి స్పీకర్ మోత మోగుతుంటే పైన మనిషి పెదవికి విలువేముంది?

సెకండ్_ట్రంపెట్ | అక్టోబరు 12

పాతటేపులు గారూ, మీ బాధ నాకు తెలుసు, ఆ రికార్డింగు నేనూ అరిగిపోయేలా విన్నాను. కానీ ఒక్క విషయంలో ఒప్పుకోను. పై స్వరానికి విలువ తగ్గలేదు, దాన్ని దాచి పెట్టుకుంటున్నారు. ఇప్పుడు షోలో పై స్వరం ఒకట్రెండు చోట్లే వస్తుంది, అందుకే మైదానం అంతా దానికోసం ఎదురుచూస్తుంది. పాత రోజుల్లో కొన్ని షోలు మొదటి నిమిషం నుంచి పైనే. మూడో పాటకల్లా పెదవులు అయిపోయి, స్వరాలు పగలడం రికార్డింగుల్లోనే వినబడుతుంది.

ఇత్తడి వాద్యాల్లో మేటి కోర్‌కి ఇచ్చే బహుమతి జిమ్ ఓట్ పేరు మీద ఉంది. 1980లో సీజన్ నడుస్తుండగానే రోడ్డు ప్రమాదంలో పోయిన సంగీతకర్త ఆయన. ఆ బహుమతి ఎంత పైకి వెళ్లారన్నదానికి ఇచ్చేది కాదు. హార్న్‌లైన్, అంటే కోర్‌లోని ఇత్తడి వాద్యాలన్నీ కలిసి ఎలా మోగాయన్నదానికి ఇస్తారు.

ఇది మీవాడికి చెప్పండి అక్కా. లీడ్ ట్రంపెట్ హై జి పట్టుకున్నప్పుడు కింది స్వరాలు వాయించే పెద్ద ఇత్తడి వాద్యాలు, ట్యూబాలు, బారిటోన్లు శ్రుతిలో నిలబడితే ఆ పై స్వరం తేలిగ్గా కూర్చుంటుంది, సగం బలంతో ఊదినా స్టేడియం చివరిదాకా వినబడుతుంది. కింద శ్రుతి తేలితే లీడ్ ఎంత అరిచినా రంపం కోసినట్టే. నేను సెకండ్ వాయించేవాడిని. మా లీడ్ అబ్బాయికి సరిగ్గా ఒక స్థాయి కింద నా స్వరం. నేను తగ్గితే వాడు వెంటనే అదమడం మొదలుపెట్టేవాడు. తెల్లారి పెదవి చూపించి "నిన్న నువ్వు లేవు" అనేవాడు.

రాజమండ్రి_బ్యాండు | అక్టోబరు 14

అమ్మా, నమస్కారం. నేను పెళ్లిళ్లకు బ్యాండు మేళంలో ట్రంపెట్ వాయిస్తాను. ఇరవై ఎనిమిదేళ్లయింది. మీరు చెప్పే డ్రమ్ కోర్ వీడియోలు మా అబ్బాయి చూపించాడు. కాళ్లు అంత వేగంగా కదులుతూ, వెనక్కి నడుస్తూ, స్వరం వణక్కుండా పెట్టడం మామూలు విషయం కాదు. మేం ఊరేగింపులో నడుస్తూనే వాయిస్తాం గాని మాది పెళ్లివారి నడక.

పెదవి సంగతి మాత్రం మా ఇద్దరిదీ ఒకటే. నాకు పద్నాలుగో ఏట మా బ్యాండు మాస్టారు నేర్పారు. నేనూ మీవాడిలాగే అదిమేవాణ్ని. ఆయన ఏం చేశారంటే, ట్రంపెట్‌ని నా ఎడమ అరచేతిలో పడుకోబెట్టమన్నారు. వేళ్లతో పట్టుకోకూడదు, పళ్లెం మోసినట్టు మొయ్యాలి, అంతే. అలా ఊదమన్నారు. పట్టు లేకపోతే నొక్కడానికి బలం ఎక్కడుంటుంది? మొదటి రోజు మధ్య స్థాయి పా కూడా రాలేదు. ట్రంపెట్ జారి మెడ మీద పడుతుందేమోనని భయం. నెలరోజులకు పై సా వచ్చింది. సన్నగా వచ్చింది, కానీ నాదే. అప్పటికి పెదవి మూలలు గట్టిపడ్డాయి, మధ్యలో మెత్తగానే ఉంది. మూలలు పట్టుకోవాలి, మధ్య భాగం ఆడాలి. మాస్టారు రోజూ చెప్పేది ఇదొక్కటే.

ఇంకో మాట. మాకు ఆషాఢంలో, పుష్యంలో, మూఢం రోజుల్లో పెళ్లిళ్లుండవు. ఆ నెల రోజులు ట్రంపెట్ ముట్టకపోతే శ్రావణంలో మొదటి ఊరేగింపుకే పెదవి వాచిపోతుంది. అందుకని ఖాళీ నెలల్లో కూడా పొద్దున్నే గోదారి గట్టు మీద కూర్చుని అరగంట కింది స్వరాలు పెడతాను. పై స్వరాలు పట్టించుకోను. సీజన్ మొదలయ్యాక అవే వస్తాయి. పెళ్లిలో కూడా నాలుగు గంటలు నేనే పైన ఉండను. చరణం క్లారినెట్ అందుకుంటుంది, నేను దించేస్తాను. ఇల్లు దగ్గరికి వచ్చాక, పెళ్లికొడుకు దిగేటప్పుడు మాత్రం నేను పైకి లేస్తాను. జనం గుర్తుపెట్టుకునేది అదే కదా.

రాత్రి పడుకునేముందు పెదవికి కొంచెం వెన్న రాయమనండి. కారం కొన్నాళ్లు తగ్గించండి.

పళ్లడాక్టరు_హైదరాబాద్ | అక్టోబరు 15

రాజమండ్రి గారి పోస్టు చదివాక నేనూ రాయాలనిపించింది. బ్యాండు పిల్లలు కొందరు నా దగ్గరికి వస్తుంటారు.

అమ్మగారూ, పెదవి చుట్టూ ఉంగరంలా ఒక కండరం ఉంటుంది. మౌత్‌పీస్‌ని అదిమినప్పుడు అది అంచుకీ పంటికీ మధ్య నలుగుతుంది. వాపు, ఎరుపు, రాత్రికల్లా తగ్గేవి అయితే విశ్రాంతి చాలు. కానీ పెదవి లోపల ఒకేచోట పదే పదే నొప్పి, ఊదినప్పుడు ఆ పక్క నుంచి గాలి కారిపోవడం, ముందు వచ్చిన స్వరాలు వారాల తరబడి రాకపోవడం కనిపిస్తే ఆపేసి డాక్టరుకు చూపించాలి. ఆ కండరం చిరగడాన్ని 1982లో ఒక ప్లాస్టిక్ సర్జన్ వైద్య పత్రికలో వివరించారు. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ముద్దుపేరుతో దాన్ని సాచ్‌మో సిండ్రోమ్ అంటారు. అది అరుదు. భయపెట్టడానికి చెప్పట్లేదు, నొప్పిని పౌరుషంతో దాటకూడదని చెబుతున్నాను.

పళ్లకు క్లిప్పులున్నాయా? ఉంటే మైనం పెట్టుకోకుండా వాయించనివ్వకండి. ఇంకొకటి, పై స్వరం పట్టుకున్నప్పుడు కళ్లముందు చుక్కలు కనిపిస్తున్నాయేమో అడగండి. గొంతు బిగించి లోపల ఒత్తిడి పెంచితే గుండెకు తిరిగి వచ్చే రక్తం తగ్గి తల తిరుగుతుంది. ఎండలో నీళ్లు తాగకుండా ఇది జరిగితే పడిపోతారు.

ఫ్రిస్కో_అమ్మ | నవంబరు 3

మీ అందరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలియట్లేదు. డాక్టరు గారూ, క్లిప్పులు రెండేళ్ల క్రితమే తీసేశారు. చుక్కల సంగతి అడిగితే మొదట లేదన్నాడు, తర్వాత "అప్పుడప్పుడు" అన్నాడు. ఇప్పుడు నీళ్ల సీసా పక్కన లేకుండా గదిలోకి వెళ్లనివ్వట్లేదు.

మొదటి వారం వాడికి నరకం. పై స్వరాలు వద్దంటే తలుపు వేసుకుని కూర్చున్నాడు. రాజమండ్రి గారి పోస్టు నేనే చదివి వినిపించాను, తెలుగు చదవడం వాడికి మెల్లగా వస్తుంది. "పళ్లెం మోసినట్టు" అన్నచోట ఆపి మళ్లీ చదవమన్నాడు. వెంటనే గరాజ్‌లోకి వెళ్లి అరచేతిలో ట్రంపెట్ పడుకోబెట్టాడు. నేను తలుపు సందులోంచి చూశాను. స్వరం రాలేదు, ఉత్త గాలి. మళ్లీ గాలి. ఐదోసారో ఆరోసారో ఒక చిన్న స్వరం, పిల్లి పిల్ల కూతంత, పలికింది. వాడు అక్కడే ఆగి దాన్ని వింటున్నట్టు నిలబడ్డాడు. నిన్నటికి అలా పట్టుకునే హై సి దాకా వచ్చాడు. పెదవి మీద అచ్చు ఇప్పుడు ఎరుపు కాదు, లేత గులాబీ, పావుగంటలో పోతోంది. ఊదేముందు పాడమంటే సిగ్గుపడేవాడు, ఇప్పుడు ఇద్దరం కలిసి పాడుతున్నాం. నా వీణ శ్రుతి పెట్టె పనికొచ్చింది.

మదనపల్లె_మాస్టారు | నవంబరు 5

అమ్మా, మీ పోస్టులు మొదటి నుంచీ చదువుతున్నాను. ఒక విషయం మన పిల్లలకు తెలియాలని రాస్తున్నాను. ట్రంపెట్ పై స్వరాలనగానే ప్రపంచమంతా చెప్పే పేరు మేనార్డ్ ఫెర్గూసన్. 1928లో కెనడాలో పుట్టారు, 2006లో పోయారు. డ్రమ్ కోర్ పిల్లలకు ఆయనంటే ప్రాణం. ఆయన బ్యాండు వాయించినవి కోర్‌లు మైదానానికి తెచ్చుకున్నాయి. అంతటి మనిషి 1960ల చివర్లో మా మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ స్కూల్లో కుటుంబంతో ఉండి పిల్లలకు పాఠం చెప్పారు. తర్వాతి కాలంలో పుట్టపర్తిలో సత్యసాయి విద్యాసంస్థ అబ్బాయిల ఇత్తడి బ్యాండుకూ నేర్పించారు. 1970లో వచ్చిన ఆయన ఆల్బంలో ఒక పాట పేరు "చల నాట". మన కర్ణాటక సంగీతంలో 36వ మేళకర్త రాగం పేరు ఒక కెనడా ట్రంపెట్ విద్వాంసుడి రికార్డు మీద ఉంది. మా కొండల మధ్య ఆ ట్రంపెట్ ఎలా మోగి ఉంటుందో అనుకుంటూ ఉంటాను.

ఫ్రిస్కో_అమ్మ | నవంబరు 5

మాస్టారూ, ఇది చదివి మా ఇంట్లో అందరం కాసేపు మాట్లాడలేదు. మా అత్తగారిది పుంగనూరు. "రిషి వ్యాలీ మా ఊరికి దగ్గరే" అని మనవడికి గూగుల్ మ్యాప్ తీసి చూపించారు. వాళ్ల నాన్న ఆ రాత్రే "చల నాట" వెతికి పెట్టారు. దేనికి ఇంత బాధ అన్న మనిషే.

తమ్ముడూ, ఒక్క సందేహం. వాడి స్నేహితుడు లోతు తక్కువ మౌత్‌పీస్ కొనుక్కున్నాడు, దాంతో హై జి తేలిగ్గా వస్తోందట. మావాడూ అడుగుతున్నాడు. కొనాలా?

సెకండ్_ట్రంపెట్ | నవంబరు 6

లోతు తక్కువ కప్పు ఉంటే స్వరంలో పదును పెరుగుతుంది, పైన కాస్త సులువు కూడా. లీడ్ వాళ్లు చాలామంది వాడతారు. కానీ అది లేని స్వరాన్ని తెచ్చిపెట్టదు. వాచిన పెదవి ఆ చిన్న కప్పు నిండా నిండిపోయి అసలు ఆడదు. పైగా కింది స్వరాలు పల్చబడతాయి, ఆడిషన్‌లో మొదట వినేది వాటినే. డిసెంబరు దాకా ఇప్పుడున్నదే ఉంచండి.

పాతటేపులు | నవంబరు 6

ఈ ఒక్క విషయంలో సెకండ్ గారితో నూటికి నూరు పాళ్లూ ఏకీభవిస్తాను.

ధ్వని_తరంగం | నవంబరు 8

ఇంకొకటి చెప్పడం మరిచాను, ఎండకు పనికొస్తుంది. గాలి వేడెక్కితే ధ్వని వేగం పెరుగుతుంది, డిగ్రీకి సెకనుకు దాదాపు 0.6 మీటర్లు. వాద్యంలోని గాలి 20 డిగ్రీల నుంచి 38కి వెళ్తే శ్రుతి దాదాపు పావు స్వరం పైకి తేలుతుంది. ఊపిరి ఎలాగూ గొట్టాన్ని వెచ్చబెడుతుంది కాబట్టి నిజంగా అంత రాదు, కానీ చెవికి తెలిసేంత వస్తుంది. మైదానం ముందు ఉండే మరింబాలు (చెక్క పలకలను కొట్టి వాయించేవి), సింథసైజర్ శ్రుతి మాత్రం దాదాపు అక్కడే ఉంటుంది. అందుకని ఎండలో ట్యూనింగ్ స్లయిడ్ (గొట్టం పొడవు మార్చే భాగం) బయటికి లాగాలి. లాగకుండా పెదవితో శ్రుతి దించాలని చూస్తే పై స్వరం మొదట పోతుంది.

ఫ్రిస్కో_అమ్మ | డిసెంబరు 16

క్యాంపు అయింది. శుక్రవారం రాత్రి దింపాం, ఆదివారం మధ్యాహ్నం తెచ్చుకున్నాం. స్కూలు జిమ్‌లో పడుకున్నారు. నేను కారులో నుంచే వాణ్ని చూశాను, ముఖం నల్లబడి, జుట్టు చెదిరి, నవ్వుతూ వస్తున్నాడు.

మొదటి రోజు పొద్దున నలభై నిమిషాలు అందరిచేతా కింది స్వరాలే పెట్టించారట. లీడ్ కోసం వచ్చిన పిల్లలు కొందరు అప్పటికే బయట కార్ల దగ్గర పైస్వరాలు అరిచి వచ్చారు. సాయంత్రానికి వాళ్లలో ఇద్దరి పెదవులు పనిచెయ్యలేదట. మావాడు ఆదివారం పొద్దున కూడా హై ఎఫ్ పెట్టాడు, మెల్లగా. వినేవాళ్లు మళ్లీ పెట్టమన్నారు, మళ్లీ పెట్టాడు.

జనవరి క్యాంపుకి రమ్మన్నారు. లీడ్‌కి కాదు, సెకండ్‌కి. బాధపడతాడేమో అనుకున్నాను. కారెక్కగానే అన్న మొదటి మాట, "అమ్మా, ఫోరంలో ఆ అన్నది కూడా సెకండే కదా" అని.

సెకండ్_ట్రంపెట్ | డిసెంబరు 16

అక్కా, ఇది ఆఫీసులో చదివాను. లేచి వెళ్లి కాసేపు కిటికీ దగ్గర నిలబడి వచ్చాను. ఆగస్టులో ఫైనల్స్ దాకా వస్తే మా ఇల్లు స్టేడియానికి పావుగంట. మీ ఇంటిల్లిపాదీ మా ఇంట్లోనే దిగాలి. వాడికి మాత్రం ఒక్క మాట చెప్పండి. లీడ్ కుర్రాడు ఎవరైతే వాడి పక్కనే భోంచెయ్యమనండి, బస్సులో వాడి పక్క సీటే పట్టుకోమనండి. వాడి ఊపిరి ఎక్కడ తీసుకుంటాడో వీడికి తెలియాలి.

రాజమండ్రి_బ్యాండు | డిసెంబరు 17

చాలా సంతోషం అమ్మా. ఇప్పుడు ధనుర్మాసం, మాకు పెళ్లిళ్లు లేవు, పొద్దున్నే గట్టు మీదే ఉంటాను. ఇక్కడ ఆరున్నర అంటే మీకు ముందురోజు సాయంత్రం ఏడు అట, మా అబ్బాయి లెక్క చెప్పాడు. బాబుని ఒకసారి వీడియో కాల్‌లో కూర్చోబెట్టండి. ఇద్దరం కలిసి అరగంట కింది స్వరాలు పెడతాం.

ఫ్రిస్కో_అమ్మ | డిసెంబరు 17

రేపు సాయంత్రం ఏడింటికి గరాజ్‌లో కూర్చుంటాడు బాబాయ్ గారూ. ఫోను స్టాండు ఇప్పుడే పెట్టి వచ్చాడు.